చలవ చొక్కా

మే నెల మొదటి వారంలో జగ్గయ్యపేట దగ్గరి సున్నపురాయి గనికి పరీక్షించి చూడ్డానికి మూడు చొక్కాలొచ్చాయి. అంతరిక్షంలోకి వెళ్లేవాళ్ల సూట్ల లోపల సన్నటి గొట్టాల్లో చల్లటి నీళ్లు పారుతుంటాయట. ఆ పద్ధతినే గనిలో పనికొచ్చేలా మార్చారని, వాటిని తెచ్చిన ఇంజనీరు జెరూషా చెప్పింది. వీపున ఐసు సంచి, నడుముకి చిన్న పంపు, చేతికి ఒక పట్టీ. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో ఆ పట్టీ రాసుకుంటుంది. అది చేతికి ఉంటేనే పంపు తిరుగుతుంది.

ఒక చొక్కా స్తెఫనుకి ఇచ్చారు. ఇరవై ఆరేళ్లుగా డ్రిల్లు మిషను మీద ఉన్న మనిషి. వేసవి వస్తే ఇంటికెళ్లి, అన్నం కూడా ముట్టకుండా మంచం మీద వాలిపోయేవాడు. చొక్కా తొడిగిన వారానికి, భార్య సౌభాగ్యమ్మ పక్కన కూర్చుని ఆవిడ చెప్పేదంతా చివరిదాకా విన్నాడు. ఒంట్లో బాగానే ఉందా అని ఆవిడకే అనుమానమొచ్చింది.

మూడో వారంలో జెరూషా అతన్ని ఆఫీసుకి పిలిపించింది. పొద్దునంతా బాగానే ఉంటోందని, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటి దాకా, అన్నం తిని నడుం వాల్చే వేళలోనే గుండె పరుగెడుతోందని చెప్పింది. నందిగామలో డాక్టరుకి చూపించేదాకా డ్రిల్లు ఎక్కనివ్వొద్దని పైకి రాయబోతున్నానంది.

స్తెఫను చేతి పట్టీ విప్పి బల్ల మీద పెట్టాడు.

"అది నా గుండె కాదు మేడం. బసవమ్మది."

క్రషర్ బెల్టు కింద రాలిన రాళ్లు ఎత్తిపోసే కాంట్రాక్టు మనిషి బసవమ్మ. నెల మొదట్లో ఒకరోజు ఎండకి కళ్లు తిరిగి పడిపోయింది. మొహం మీద నీళ్లు చల్లితే లేచి, మళ్లీ గంప ఎత్తుకుంది. కాంట్రాక్టు వాళ్లకి మధ్యాహ్నం ఆ గంటా పనే. ఆ మర్నాటి నుంచి స్తెఫను అన్నం వేళకి ఐసు మార్చి, చొక్కా ఆమెకిచ్చేవాడు. పట్టీతో సహా.

జెరూషా కోప్పడలేదు. "ఆవిడ పనిలో గుండె ఇంతగా కొట్టుకుంటుందా?" అని మాత్రం అడిగింది.

"చొక్కా ఉన్నప్పటి సంగతండి అది."

ఆ సాయంత్రమే ఆమె రిపోర్టు తిరగరాసింది. ముందు కాంట్రాక్టు ఆడవాళ్లకే ఇవి కావాలని రాసి, ఆ గంట లెక్కలు జతచేసి పంపింది. నాలుగో రోజున జవాబొచ్చింది. ఈ పరీక్ష పర్మినెంటు వాళ్ల కోసమేనట. స్తెఫను లెక్కలు కలగాపులగమయ్యాయి కాబట్టి తీసేసి, చొక్కా వెనక్కి పంపమన్నారు. మిగతా ఇద్దరి ఫలితాలు బాగున్నాయట, ఇంకొన్ని తెప్పించే సంగతి వచ్చే ఏడాది చూస్తారట.

"ఏం చెయ్యలేకపోయా స్తెఫను గారూ," అంది జెరూషా, చొక్కా పెట్టెలో పెడుతూ.

మధ్యాహ్నం స్తెఫను వెళ్లి బసవమ్మకి సంగతి చెప్పాడు. ఆమె చెయ్యి ఆపకుండానే వింది.

"వానలకి ఇంకో ఇరవై రోజులేగా తమ్ముడూ," అంది.

స్తెఫను పడుకోవడానికి వెళ్లలేదు. పక్కనున్న పార అందుకుని రాళ్లు ఎత్తసాగాడు. పావుగంటకే ఆయాసమొచ్చి కూలబడ్డాడు. బసవమ్మ తన నీళ్ల సీసా అతని వైపు జరిపి, గంప నెత్తికెత్తుకుంది.