కుర్చీలో కూర్చునే పని

"రేపు మంచి చీర కట్టుకో. టెలిఫోన్ సార్లు వస్తరట" అన్నాడు స్వామిదాసు, విప్పిన చొక్కా పెళ్ళాం మరియ పక్కన పడేస్తూ. కాలరు మురికి పోయేలా రుద్దమని దాని అర్థం. మరియ ఒళ్ళో అప్పటికే బీడీల చేట ఉంది. చేట పక్కన రాళ్ళు ఏరాల్సిన బియ్యం, బియ్యం పక్కన ఒలవాల్సిన వెల్లుల్లి. మనిషి లేచి తిరగదు కాబట్టి పనులన్నీ తెచ్చి ఆమె చుట్టూ పేర్చడం ఆ ఇంట్లో అలవాటైపోయింది.

"ఎట్లాగు కూసునే ఉంటవు గదనే" అంటుంది అత్త సాలవ్వ. ఆ మాటలో ఎంత సౌకర్యం ఉందో చూడండి. కూర్చున్న మనిషికి అలుపు ఉండదు, నడుము నొయ్యదు, విసుగు రాదు. మూడో ఏట పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడిన పాపానికి కామారెడ్డిలోని ఆ ఇంట్లో కూర్చుని చేసే పనులన్నీ మరియ పేరనే రాసి ఉన్నాయి. తునికాకు కత్తిరించడం, బీడీలు చుట్టడం, కూరగాయలు తరగడం, రాత్రి అత్త కాళ్ళు పిసకడం. ఆడబిడ్డ కాన్పుకొచ్చినప్పుడు పసిగుడ్డును కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసింది కూడా మరియే. ఎందుకూ పనికిరాదన్న ఆ కాలు అప్పుడు మాత్రం ఎవరికీ అవిటిగా కనిపించలేదు.

ఒక్క పని మాత్రం ఆమెకు దక్కలేదు. బస్టాండు ఎదురుగా ఎస్టీడీ బూత్‌లో కుర్చీ మీద కూర్చునే పని. అసలు ఆ బూత్ ఆమెది.

వికలాంగుల కోటాలో ఆమె పేరు మీద వచ్చిన బూత్ అది. పదో తరగతి పాసైన మరియ తానే దరఖాస్తు రాసి, నిజామాబాద్ దాకా పోయి, సార్లు అడిగినదానికి తానే జవాబు చెప్పి తెచ్చుకుంది. తెరిచిన కొత్తలో వారం రోజులు ఆ కుర్చీలో కూర్చుంది కూడా. నంబరు తిప్పడం, లైను దొరక్కపోతే మళ్ళీ మళ్ళీ ప్రయత్నించడం, మాట ముగిశాక చీటీ చించి ఇవ్వడం, అన్నీ చకచకా వచ్చేశాయి. ఆ వారమంతా ఆమె బతికింది. తర్వాత సాలవ్వకు జ్వరం వచ్చింది. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా అన్నారు. జ్వరం తగ్గింది. మరియ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. "బస్టాండు జాగ. పోకిరోల్లు తిరుగుతరు. ఆడిదానివి, అందుల నడవరాదు, ఒంటికొస్తె యాడికి పోతవు?" అన్నాడు స్వామిదాసు, ఎంతో ప్రేమగా. ఆమె చంకకర్ర నడవాలో అడ్డమొస్తోందని సాలవ్వ అటక మీద పెట్టించింది. అప్పటినుంచి మరియ ఆ ఇంట్లో నేల మీద దేకుతోంది. ఊళ్ళోవాళ్ళు దాన్ని స్వామిదాసు బూత్ అంటున్నారు.

ఎదురు మాట్లాడితే ఒకటే పాట. "నేను చేసుకోకుంటె నిన్నెవడు చేసుకుంటుండె?" ఆమె పుట్టినూరు ఎల్లారెడ్డి చర్చిలో పెళ్ళినాడు పాస్టరు అయ్యగారు ప్రసంగంలోనే చెప్పాడు, ఈ యవ్వనస్థుడు ఒక అవిటి బిడ్డకు జీవితాన్ని ఇస్తున్నాడని. అందరూ ఆమెన్ అన్నారు. అంతకుముందు మరియకు జీవితం లేనట్టే. ఎల్లారెడ్డిలో వాకిట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పిన మనిషి, చంకకర్ర పట్టుకుని ఒక్కతే బజారుకు పోయి బాపుకు మందులు తెచ్చిన మనిషి, అవన్నీ జీవితం లేకుండానే చేసిందన్నమాట. పెళ్ళయిన ఇన్నేళ్ళకూ ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ స్వామిదాసు మనసు ఎంత గొప్పదో మరియకు చెప్పిపోతాడు, ఆమె చేసిపెట్టిన చాయ్ తాగుతూ.

ఇక తనిఖీ సంగతి. బూత్ ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషే కూర్చుని నడపాలి. లేకపోతే రద్దు చేస్తారు. అందుకని సార్లు వస్తున్నారని తెలిసిన రోజున స్వామిదాసు మరియను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోతాడు. ఆ ఒక్క రోజుకు చంకకర్ర అటక దిగుతుంది. బూజు తుడిచి, లోపలికి వచ్చేవాళ్ళకు ముందుగా అదే కనపడేట్టు అద్దానికి ఆనించి పెడతాడు. "రోజూ మీరేనా అమ్మా కూర్చునేది?" అని సార్లు అడుగుతారు. "ఆమెనే సార్" అంటాడు స్వామిదాసు. మరియ తలూపుతుంది. సార్లు పోగానే మళ్ళీ సైకిలు, మళ్ళీ ఇల్లు, మళ్ళీ అటక. నిజం చెప్పేయాలని పోయినసారి నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే బూత్ పోతుంది. బూత్ పోతే ఆమె పేరన ఈ భూమ్మీద ఏమీ మిగలదు. అందుకే మింగేసింది.

మర్నాడు పొద్దున ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, సార్లకు చాయ్, బిస్కట్లు తేవడానికి స్వామిదాసు హోటలుకు పోయాడు. అప్పుడొచ్చింది మజీదా. భిక్నూర్ మనిషి. మొగుడు ఖయ్యూం దుబాయిలో ఉంటాడు. గుమ్మం దగ్గరే ఆగి లోపలికి తొంగిచూసి, "ఆయన లేడా అక్కా?" అంది.

"చాయ్ తేవోయిండు. పనుందా ఆయనతోని?"

"లేదు, లేదు. లేడంటెనే లోపలికొస్త."

మరియ నంబరు తీసుకుని తిప్పింది. వేళ్ళు ఏమీ మరిచిపోలేదు. అటు గొంతు వినపడగానే రిసీవరు మజీదా చేతికిచ్చి, చేయి చాపి ఫోను గది అద్దం తలుపు దగ్గరికి లాగి, తాను రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. లోపల మజీదా చాలాసేపు ఏడ్చింది. చాలాసేపు మాట్లాడింది. బయటికొచ్చి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆయన సెలవుకొచ్చి పోయినంక నిలిచిన కడుపు అక్కా. మొన్న పోయింది. ఆ ముక్క ఇయ్యాల చెప్పుకున్న. మీ ఆయన ఉంటె తలుపు పెట్టనియ్యడు. ఉక్కపోస్తదంటడు. పేపరు సదివినట్టే చేస్తడు గని ఒక్క పేజీ తిప్పడు. గందుకే బాగున్న, బాగున్న అని పెట్టేసి పోత."

మరియకు ఒళ్ళంతా భగ్గుమంది. రాత్రి అన్నం తింటూ స్వామిదాసు తల్లికి చెప్పే కబుర్లు ఇవే. "ఆ భిక్నూరామె లేదూ? ఎప్పుడు జూడు, బాగున్న, బాగున్న. మొగడు ఎడారిల సస్తుంటె దీనికి రవ్వంత ప్రేమ లేదు" అని నవ్వేవాడు. సాలవ్వ కూడా నవ్వేది. మరియ అన్నం వడ్డించేది. ఒక ఆడమనిషి తన దుఃఖం చెప్పుకోలేకపోవడానికి కారణమైనవాడే ఆమెకు ప్రేమ లేదని తీర్పు చెప్తున్నాడు. ఎక్కడ కూర్చుని ఆమె మాటలు వింటున్నాడు? పెళ్ళాం కుర్చీలో. మరియ చెమట, మరియ చదువు, మరియ అవిటికాలు కలిస్తే వచ్చిన కుర్చీలో. ఇన్నాళ్ళూ ఆ కుర్చీ తనకొక్కదానికే లేకుండా పోయిందనుకుంది. ఈ ఊరి ఆడవాళ్ళు ఎంతమంది ఆ గుమ్మం దగ్గర ఆగి, లోపల ఎవరున్నారో చూసి, నోరు మూసుకుని వెనక్కి పోయారో.

స్వామిదాసు చాయ్ పట్టుకుని వస్తుండగానే జీపు ఆగింది. దిగినాయన కొత్త మనిషి, నడివయసు. చంకకర్రను చూశాడు, మరియను చూశాడు.

"రోజూ మీరే చూసుకుంటున్నారా అమ్మా?"

"ఆమెనే సార్. పొద్దుందాక ఆమెనే" అన్నాడు స్వామిదాసు. "నేను ఊకె గిట్ల వచ్చిపోతుంట."

ఎప్పటిలా తలూపితే సరిపోయేది. మరియ తలూపలేదు. నోరు విప్పింది.

"అవును సార్. పొద్దున తాళం తీసేది నేనే, రాత్రి మూసేది నేనే. ఈయన ఇంటికాడ ఉంటడు. వంట, బట్టలు, బీడీలు, అత్త కాళ్ళు పిసుకుడు, అన్ని ఈయనే చేస్తడు."

స్వామిదాసు చాయ్ గ్లాసు సారు ముందు పెట్టాడు. ఏమని కాదంటాడు? కాదంటే బూత్ రద్దు.

ఆ సారు అతని వైపు తిరిగి భుజం తట్టాడు. "నిజంగా గొప్ప మనసయ్యా నీది. ఇట్లాంటివాళ్ళను చూడలేదు. నాకు ఇక్కడికే బదిలీ అయిందమ్మా, రోజూ ఈ దారినే ఆఫీసుకు పోతాను. కనపడుతూ ఉంటారు" అని చాయ్ తాగి జీపెక్కాడు.

జీపు మలుపు తిరిగిందో లేదో స్వామిదాసు పళ్ళు నూరాడు. "పిచ్చి లేసిందానె నీకు? లే. సైకిలెక్కు."

"నేనెక్క. ఈడనే ఉంట."

"ఒంటికొస్తె యాడికి పోతవే?"

"బస్టాండుల ఆడోల్లకు కట్టిచ్చిండ్రు. అందరు యాడికి పోతున్నరో నేను గూడ ఆడికే పోత."

"ఇంటికెట్లొస్తవు? నేను రాను తోల్కపోను."

"రిక్షాలు లేవా ఈ ఊర్ల?"

"అవ్వకు ఏం జెప్పాలె నేను?"

"సారుకు చెప్పిందే చెప్పు."

ఆమె గొంతు పెంచలేదు. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. లాగి కింద పడేస్తాడేమోనన్న భయం ఉంది. రాత్రి ఇంటికి పోతే ఏం జరుగుతుందోనన్న భయం ఇంకా ఉంది. అయినా లేవలేదు. స్వామిదాసు అటూ ఇటూ చూశాడు. బస్టాండు నిండా జనం. గొప్ప మనసున్నవాడు నలుగురిలో అవిటి పెళ్ళాం మీద చెయ్యెత్తలేడు కదా. సైకిలు స్టాండు తన్ని, ఏదో గొణుక్కుంటూ నడిపించుకుపోయాడు.

ఎల్లారెడ్డి బస్సు వచ్చి ఆగింది. దిగినవాళ్ళలోంచి ఒక ముసలామె వచ్చి గుమ్మం పట్టుకుని లోపలికి చూసింది. కొడుకు నంబరు రాసిన కాగితం పిడికిట్లో నలిగిపోయి ఉంది.

"బూత్ ఆయన ఎప్పుడొస్తడు బిడ్డా?"

"రాడవ్వా. ఇంట్ల వంట చేస్తున్నడు" అంది మరియ. "లోపలికొచ్చి నంబరు చెప్పు."