దుపట్టా వెనకవైపు

మధ్యాహ్నం మూడుంబావుకు అమల పత్తర్‌గట్టిలో స్కూటీ ఆపేసరికి అద్నాన్ పెళ్ళిబట్టల దుకాణం షట్టరు సగానికి దిగి ఉంది. పొద్దున ఎవరో విసిరిన రాయికి అద్దం పగిలింది. అక్కడ అట్టముక్క అంటించారు. దారిన పోయేవాళ్ళు ఆగి ఆ అట్టముక్కను కూడా ఫోటో తీసుకుంటున్నారు.

షట్టరు కింద వంగి లోపలికి వెళ్ళింది.

"ఎంతయింది మేడమ్?" అన్నాడు అద్నాన్. నలభై ఏళ్ళ మనిషి రెండు రోజుల్లో యాభై దాటినట్టున్నాడు.

"పదకొండు లక్షల మంది చూసిన్రు భాయ్. కామెంట్లు పద్నాలుగు వేలు."

"యా అల్లా!"

ఆ వీడియో నిడివి నిమిషం నలభై సెకన్లు. నుజహత్ అని బార్కస్ అమ్మాయి. వచ్చే శుక్రవారం ఆమె పెళ్ళి. నానమ్మ పెళ్ళినాటి దుపట్టాను కెమెరాకు చూపిస్తూ ఏడుస్తుంది. అంచు ఊడితే కుట్టమని ఈ షాపులో ఇచ్చారట. వెండితీగ మీద బంగారు పూత పూసిన పాతకాలపు అసలు జరీ అట. తిరిగొచ్చాక పోగు కాల్చి చూస్తే నకిలీ అని తేలిందట. 'మా నానమ్మ జరీ దొంగిలించారు' అన్న చివరి మాట దగ్గర అమ్మాయి గొంతు పూడుకుపోతుంది. జనం అక్కడే షేర్ నొక్కుతున్నారు.

దుకాణంలో ఎవరూ ఆ దుపట్టాను విప్పి చూడలేదు. అది పదిరోజులు ఉన్నది దస్తగీర్ ఇంట్లో. ముప్పై ఏళ్ళుగా ఈ షాపుకు జరీపని చేసే కారిగర్ అతను. కాబట్టి దొంగ దస్తగీరే. అద్నాన్ ఆ మాట నిన్న రాత్రే తేల్చేశాడు. అమల ప్రకటన రాసింది. 'తప్పు చేసిన కారిగర్ దస్తగీర్‌ను తొలగించాం, పోలీసులకు ఫిర్యాదు చేస్తున్నాం.' సరిగ్గా అయిదు గంటలకు దానంతటదే ఆన్‌లైన్‌లో షాపు పేజీలోకి వెళ్ళేటట్టు టైము పెట్టింది.

జనానికి ఒక పేరు కావాలి. పేరు దొరికితే షాపును వదిలేస్తారు. బజారున పడ్డ వ్యాపారాల పరువు కాపాడటం, అంటే ఇల్లు కాలుతుంటే ఏ గదిని వదులుకోవాలో చెప్పడమే పదిహేనేళ్ళుగా ఆమె వృత్తి.

"ఒప్పుకున్నట్టు సంతకం, ఒక ఫోటో తీస్కరా," అన్నాడు అద్నాన్. "అవి గూడ పోస్టుల పెడదాం."

"ఫోటో ఎందుకు భాయ్? పేరు చాలదా?"

"చాలదు. మేడమ్, ఒక మాట. నీకు దయ గియ పుట్టి పోస్టు ఆపినవనుకో, పాస్‌వర్డ్ నా దగ్గర గూడ ఉన్నది. నేనే వేస్త."

షాలిబండ గల్లీలో దస్తగీర్ ఇల్లు ఒకే గది. ఆ గదిలో ముప్పాతిక భాగం కార్చోబే. నాలుగు కర్రల చట్రం మీద ఎర్రటి బట్ట బిగించి ఉంది. దాని ముందు కూర్చుని సూది దించుతున్నాడు. అరవై అయిదేళ్ళుంటాయి. కళ్ళద్దాల ఒక కాడకు దారం చుట్టి ఉంది.

"రా బేటీ. చాయ్ తాగుతవా?"

"వద్దు చాచా." అమల కాగితం తీసి ఇచ్చింది. "అద్నాన్ భాయ్ పంపిండు. సంతకం పెట్టాలంట. చదువుకో ముందు."

అతను చదవలేదు. పెన్ను అడిగి తీసుకుని, కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని, ఉర్దూలో పేరు రాసి తిరిగిచ్చాడు.

"చదువు చాచా. నేనే దొంగతనం చేసిన అని ఉన్నది అండ్ల."

"నువ్వు రాసినవ్ గద. మంచిగనే రాసి ఉంటవ్."

"బయట జనం ఎట్లున్నరో తెల్సా? చేతులు నరకాలె అని రాస్తున్నరు."

"ఇంక ఈ చేతులతోని పనేమున్నది బేటీ? కండ్లు పోతనే ఉన్నయ్. ఫోటో గూడ కావాల్నా? తీసుకో." కళ్ళద్దాలు తీసి, గడ్డం సర్దుకుని, తిన్నగా కూర్చున్నాడు.

అమల ఫోటో తీయలేదు. బయటికి వచ్చి స్కూటీ మీద కూర్చుంది. ఈ వృత్తిలో ఆమె దొంగల్ని చాలామందినే చూసింది. కల్తీ చేసినవాళ్ళు, కూలిన కట్టడాలు కట్టినవాళ్ళు, మందులు మార్చినవాళ్ళు. వాళ్ళందరికీ ఒక లక్షణం ఉంటుంది. బేరమాడతారు. ఆ మాట తీసెయ్, ఈ మాట మార్చు, పేరు మాత్రం వద్దు అంటారు. ఈయన పెన్ను అడిగి తీసుకుని మరీ పెట్టాడు.

ఫోన్ తీసింది. ఆ వీడియోను రెండు రోజుల్లో వందసార్లు చూసి ఉంటుంది. కానీ చూసిందంతా కింద అంకెలు, పక్కన కామెంట్లు, అమ్మాయి ఏడుపు. ఈసారి శబ్దం ఆపేసి దుపట్టాను మాత్రమే చూసింది.

యాభై రెండో సెకను దగ్గర నుజహత్ దుపట్టాను తిరగేస్తుంది. వెనకవైపు కుట్లు కనిపిస్తాయి. అమల అక్కడ ఆపి, రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేసింది.

అంచు పొడవునా కుట్టిన నూలుదారం టీ మరక రంగులో ఉంది. ఒక్కచోట, జానెడు మేర, దారం తెల్లగా మెరుస్తోంది.

మళ్ళీ లోపలికి పరుగెత్తింది.

"చాచా! నువ్వు మొన్న కుట్టింది ఈ జానెడేనా?"

అతను ఫోన్ చూశాడు. చూసి ముఖం తిప్పుకున్నాడు.

"అంచు మొత్తం మొన్ననే మార్చి ఉంటే దారమంతా తెల్లగుండాలె. ఇది గింత పాతగ ఎట్లయింది? నకిలీ జరీ ఎన్నడో కుట్టిన్రు. ఎవరు కుట్టిన్రు?"

సూది బట్టలోకి దిగింది. పైకి వచ్చింది. మళ్ళీ దిగింది.

"నువ్వే కదా?"

"సంతకం అయిపాయె. పో బేటీ."

"ఎవరు కుట్టమన్నరు?"

"మాట ఇచ్చినోణ్ణి," అన్నాడు దస్తగీర్. అతని గొంతులో మొదటిసారి కోపం పలికింది. "ఆమె కన్న ముందు నేను పోవాలె. గప్పుడు అయిపోతది లొల్లి. నువ్వు లేపకు."

ఆ మాటతో రెండు సంగతులు తేలిపోయాయి. మాట పుచ్చుకున్నది ఆడమనిషి. ఆమె ఇంకా బతికే ఉంది. ఆ దుపట్టా యజమానురాలు ఒక్కతే. నుజహత్ నానమ్మ.

టైము నాలుగూ పది.

ఫలక్‌నుమా దగ్గర ట్రాఫిక్ కదలడం లేదు. అమల ఆటోల సందుల్లోంచి స్కూటీని దూరుస్తూ, తిట్లు తింటూ పోతోంది. హెల్మెట్‌లో ఇరికించిన ఫోన్ మోగింది.

"మేడమ్, ఫోటో ఏది?" అద్నాన్.

"వస్తున్నది భాయ్. అయిదింటి దాకా పేజీ జోలికి పోకు."

"ఏడున్నవ్? హారన్ల చప్పుడేంది?"

పెట్టేసింది. నిజం చెబితే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. 'వాళ్ళ నానమ్మే జరీ అమ్ముకుంది' అని అయిదు నిమిషాల్లో పేజీలో పెడతాడు. పదకొండు లక్షల మంది ఒక కారిగర్‌ని వదిలి ఒక ముసలావిడ మీద పడతారు. దస్తగీర్ దాచింది దస్తగీర్ కోసం కాదు. ఈ సంగతి బయటపెట్టే హక్కు ఒక్కరికే ఉంది. ఆవిడను తప్ప ఇంకెవరినీ అడగడానికి లేదు.

నాలుగూ నలభైకి బార్కస్. ఇంటిముందు షామియానా కర్రలు పాతుతున్నారు. ముందుగదిలో ఆడవాళ్ళు పెళ్ళిబట్టలు సర్దుతున్నారు. అమల చెప్పులు విడుస్తుండగానే, షాపు పేజీలో చూసిన ఆ ముఖాన్ని నుజహత్ గుర్తుపట్టేసింది.

"నువ్వు షాపు మేడమ్‌వి గద! పైసలిచ్చి నోరు మూపిద్దామని వచ్చినవా?" అమ్మాయి చేతిలో ఫోన్ అప్పటికే పైకి లేచింది. "చూడున్రి అందరు! లైవ్ పెట్టిన. షాపోళ్ళు ఇంటిమీదికే వచ్చిన్రు!"

తెరమీద అంకె పరుగెడుతోంది. మూడు వందలు. పన్నెండు వందలు. ఇప్పుడు ఒక్క మాట తప్పు పడినా ముసలావిడ గుట్టు వీధికెక్కుతుంది. ఏమీ అనకపోతే మరో పావుగంటలో దస్తగీర్ పేరు ఎక్కుతుంది.

మూలన మంచం మీద నానమ్మ కూర్చుని ఉంది. వజీరున్నీసా. ఎనభై దాటిన మనిషి, దీపపు ఒత్తుల్లాంటి సన్నటి వేళ్ళు. కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి.

"నేను పైసలకు రాలే," అంది అమల. కెమెరాను చూడలేదు, ఆవిడనే చూసింది. "దాదీమా, మీకొక మాట చెప్పి పోదామని వచ్చిన. జరీ దొంగిలించింది నేనే అని దస్తగీర్ కారిగర్ సంతకం పెట్టిండు. అయిదింటికి ఆయన పేరు అందరికి తెలుస్తది."

"చూసిన్రా! దొంగ దొరికిండు!" నుజహత్ అరిచింది.

"చుప్!" అంది వజీరున్నీసా. గదిలో గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది. "ఏ దస్తగీర్? షాలిబండలుంటడు, ఆయననా?"

"ఆయనే."

"నీకేమన్న చెప్పిండా?"

"లేదు. నేను మస్తు అడిగిన. నోరు ఇప్పలే. చదవకుంటనే సంతకం పెట్టిండు."

ముసలావిడ చాలాసేపు తన అరచేతులు చూసుకుంది. అమల గోడ గడియారం చూసింది. నాలుగూ యాభై. ఏమీ అనదేమో. ఎనభై ఏళ్ళు మోసిన పరువు, మరో అయిదు రోజుల్లో మనవరాలి పెళ్ళి. అనకపోయినా తప్పు పట్టలేం. నాలుగూ యాభై ఒకటి.

"నుజ్జూ, గా ఫోన్ ఇటు తిప్పు."

"దాదీ, మీరెందుకు..."

"తిప్పుమన్న గద!"

కెమెరా తిరిగింది. వజీరున్నీసా తలమీద కొంగు సర్దుకుంది.

"నేనే తీయించిన ఆ జరీ. మీ తాత సౌదీల ఉన్నప్పుడు నౌకరీ పోయింది. ఏడాది ఉత్తరం లేదు, పైస లేదు. ముగ్గురు పిల్లలు. నీ బాపు గప్పుడు పాలకు ఏడుస్తుండె. అత్త పెట్టిన దుపట్టా అమ్మితే ఇంట్ల చంపుతరు. జరీ ఒక్కటి తీయించి అమ్మిన. నకిలీది కుట్టమన్న. నా శాదీ దుపట్టా, నా జరీ, నా ఇష్టం! దస్తగీర్ గప్పుడు జవాను. ఎవ్వరికి చెప్పనని మాట ఇచ్చిండు. మొన్న గూడ అదే దుపట్టా ఆయన చేతికి పోయింది. కుట్టి పంపిండు గని ఒక్క మాట అనలే. గసొంటి మనిషిని దొంగ అంటున్నరా? మీకు ఇంట్ల పనులు లేవా? ఏం చూస్తున్నరు పొద్దుగూకులు?"

నుజహత్ ఫోన్ దించింది. లైవ్ మాత్రం ఇంకా నడుస్తోంది. తెరమీద నేల కనిపిస్తోంది, చూస్తున్నవాళ్ళు తొమ్మిది వేలు.

అమల తన ఫోన్లో పోస్టు తీసేసింది. నాలుగూ యాభై ఆరు. వెంటనే అద్నాన్ ఫోన్.

"మేడమ్! లైవ్ చూసిన! బచ్ గయే, బతికిపోయినం! ఆ ముసలామె ముక్క కోసి మన పేజీల పెట్టు, పాట గూడ కలుపు. మస్తు పోతది!"

"పెట్టను."

"ఏంది?"

"దస్తగీర్‌కు మాఫీ చెప్తూ నీ పేరు మీద నాలుగు లైన్లు రాస్త. అదొక్కటే పోతది. ఇష్టం లేకుంటే వేరే మనిషిని పెట్టుకో భాయ్."

అవతల అరుపు మొదలైంది. ఆమె పెట్టేసింది.

వీధిలోకి వచ్చి, సంతకం కాగితం చించి, దస్తగీర్‌కు ఫోన్ చేసింది. ఒకే ఊపిరిలో జరిగిందంతా చెప్పింది. అతను సంతోషిస్తాడనుకుంది.

"ఆమె ముఖం అందరు చూసిన్రా?" అన్నాడతను.

"చూసిన్రు చాచా."

"నలభై అయిదేండ్లు దాచిన. నువ్వు ఒక్క గంటల బయట పెట్టిచ్చినవ్." అమల చించిన కాగితం ముక్కల్ని పిడికిట్లో నలిపింది.

"ఏడ్చిందా?" మళ్ళీ అతనే అడిగాడు.

"లేదు చాచా. తిట్టింది."

"ఎవర్ని?"

"అందర్ని. ఫోన్ల చూసెటోళ్ళను గూడ. ఇంట్ల పనులు లేవా అన్నది."

అవతల చిన్న దగ్గు వినిపించింది. దగ్గు కాదు, నవ్వు.

"గట్లయితే బాగనే ఉన్నది ఆమె," అన్నాడు దస్తగీర్. "పెట్టెయ్ బేటీ. ఎలుతురు పోతున్నది, పని ఉన్నది నాకు."