కింది పట్టు

ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోయడం మా పని. మెట్ల మీద బీరువా దించేటప్పుడు బరువంతా కింది పట్టు పట్టినవాడి మీదే పడుతుంది. వాడు వదిలేశాడా, పైవాడు కూడా బీరువాతోపాటు దొర్లాల్సిందే. అందుకే కింది పట్టుకు వంతులుంటాయి. మేస్త్రీని కాబట్టి ఆ వంతులు చెప్పేది నేను.

రెండేళ్ల కిందట, మాతోపాటే మోసే మా బామ్మర్ది నడుం నొప్పన్నాడు. స్కాన్‌లో ఏమీ లేదన్నారట. ఇంకేం, నాకు లోకువైపోయాడు. "పని అనగానే పట్టేస్తుంది, అన్నం దగ్గర వదిలేస్తుంది. మహా తెలివైన నడుం!" అని నలుగురినీ నవ్వించాను.

అంతటితో ఊరుకున్నానా? మూడో అంతస్తు నుంచి టేకు బీరువా దించే రోజు కింది పట్టు వంతు నాది. "నీదేరా" అన్నాను. నొప్పి నిజమైతే మధ్యలో కూలబడతాడు కదా అని నా గొప్ప తెలివి. వాడు పళ్ల బిగువున కిందిదాకా దించాడు. "చూశారా, అంతా నాటకం" అన్నాను. మర్నాడు వాడు మంచం దిగలేకపోయాడు. మా ఆవిడ చూసొచ్చింది. నేను వెళ్లలేదు.

ఇప్పుడు నా నడుం పట్టేసి ఎనిమిది నెలలు. నా స్కాన్‌లోనూ ఏమీ లేదు.

"కనపడకపోయినా నొప్పి నిజమేనండీ" అంది వ్యాయామాలు నేర్పే ఫిజియో అమ్మాయి. "అలాగని మంచానికి అతుక్కుపోకండి. రోజూ కొద్దికొద్దిగా కదలండి. పూర్తిగా పోకపోయినా అదుపులో ఉంటుంది."

తల తిప్పితే పక్క చాప మీద మా బామ్మర్ది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మొదటి వారం ఐదుసార్లు చాలు బావా. పౌరుషానికి పోయి ఎక్కువ చేస్తే రేపు లేవలేవు" అంటూ తన దిండు తీసి నా మోకాళ్ల కింద పెట్టాడు. ఒక్క మాట ఎత్తిపొడిచినా బాగుండేది. ఆ దిండు మీద కాళ్లు పెట్టుకుని సిగ్గుతో చచ్చిపోయాను.

పైకప్పు చూస్తూ అన్నాను, "ఒరేయ్, ఆ టేకు బీరువా రోజు... వంతు నీది కాదురా. నాది."

"తెలుసు బావా."

"తెలిసీ ఎందుకు మోశావురా?"

"రెండో అంతస్తు దగ్గరే వదిలేద్దామనుకున్నా" అన్నాడు వాడు, మెల్లగా మోకాలు ముడుస్తూ. "పైన నువ్వున్నావుగా."