అయిదుంబావు

నేను ఒక దర్జీ టేపును. పుట్టాక ఇంతవరకు ఒక్క అబద్ధం ఆడలేదు. అంగుళమంటే అంగుళమే. మీ ఊళ్లో ఏ పెద్దమనిషైనా గుండె మీద చెయ్యేసుకుని ఆ మాట అనగలడేమో అడిగి చూడండి.

ఎక్కడో కార్ఖానాలో నా ఒంటి మీద అంకెలు అచ్చొత్తారు. అనకాపల్లిలో ఒక ప్యాంట్ల దర్జీ మెడలో వేలాడాను. మనుషుల మీద నమ్మకం అక్కడే పోయింది. నడుం కొలిస్తే పొట్ట లోపలికి లాగుతారు, ఛాతీ కొలిస్తే ఊపిరి బిగబడతారు. కొలతకు నిలబడ్డవాణ్ణి నమ్మకండి. ఆ దర్జీ పోయాక, అతని దగ్గర పని నేర్చుకున్న వరహాలమ్మ నన్ను తెచ్చుకుంది. జాకెట్లు కుడుతుంది.

ఆమె మొగుడు సన్యాసిరావు బెల్లం మార్కెట్లో కాటా వేస్తాడు. పేరుకే సన్యాసి, ఇద్దరు పిల్లల తండ్రి. రెండో కాన్పు వరహాలమ్మ ప్రాణం మీదికొచ్చింది. ఒంట్లో రక్తం పట్టేదాకా పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కుదరదనీ, ఈలోగా మళ్లీ కడుపొస్తే మనిషి దక్కదనీ డాక్టరమ్మ చెప్పింది.

సన్యాసిరావు మందుల కొట్లో నోరు విప్పకుండా వేలు చూపించి, కొట్టువాడు చేతిలో పెట్టిన చిన్న సైజు కండోమ్‌లు తెచ్చాడు. అవి మరీ బిగుతు, ఊపిరాడలేదన్నాడు. ఒకనాడు వరహాలమ్మ నీళ్లకెళ్లినప్పుడు నన్ను తీసుకుని, తలుపేసి, చుట్టూ కొలుచుకున్నాడు. అయిదుంబావు! మీసం దువ్వుకుంటూ పొరుగూరి కొట్టుకెళ్లి పెద్ద సైజు తెచ్చాడు. అది కాస్తా సమయానికి జారిపోయింది.

ఆ నెల వరహాలమ్మకు రావలసింది రాలేదు. భయంతో అన్నం మానేసింది. సరిగ్గా అప్పుడే, అంకె తప్పిందేమోనని మళ్లీ కొలుచుకుని నన్ను దాచిన మొగుడి చొక్కా జేబులో నేను దొరికాను.

"ఏటయ్యా ఇది? నాను సావు బతుకుల్లో ఉంటే, నువ్వు ఎవుల్దాన్ని కొలిసొస్తన్నావు?"

"ఎవుల్నీ కాదే. నన్నే."

"సొక్కాకా, పేంటుకా?"

"రెండిటికీ కాదు" అని నేల చూశాడు.

వరహాలమ్మ అతన్ని కిందికీ మీదికీ చూసింది. "ఎంతొచ్చిందేటి?"

"అయిదుంబావు" అన్నాడు, ఆ స్థితిలోనూ కాస్త గర్వంగా.

ఆమె నన్ను అతని మొహం ముందు ఆడించింది. "దీనికి మొదటి అంగుళం లేదయ్యా! ఆ దర్జీ కాడున్నప్పుడే ఇస్త్రీపెట్టె కింద కాలిపోనాది. నానైతే ఒకటి తీసేసి కొలస్తాను."

ఇదిగో, మొదట్లో కోసిన గొప్పలు వెనక్కి తీసుకుంటున్నాను. ఏళ్ల తరబడి అందరికీ అంగుళం ఎక్కువే చెబుతున్నాను. సిగ్గేమీ లేదు, విన్న మగాళ్లంతా సంతోషించారు.

"అయితే నాలుగుంబావేనా?" సన్యాసిరావు మొహం వాడిపోయింది.

"ఎదిగే గుంటడికి కుట్టినట్టు వదులొగ్గి తెచ్చుకున్నావు! జాకెట్టైతే కుట్టు మీద కుట్టేద్దును. దీనికెక్కడెయ్యను?" అంటూ నవ్వబోయి ఏడ్చేసింది.

మర్నాడు అతను మందుల కొట్లో అందరూ వింటుండగా తన సైజు నోటితో అడిగి తెచ్చాడు. అది బిగియలేదు, జారలేదు. ఆ వారంలోనే వరహాలమ్మకు నెలసరి వచ్చింది. ఆ పూట ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు.

ఇప్పుడు నేను గుడ్డపేలికల సంచిలో ఉన్నాను. ఇదంతా జరిగిందే. ఆ అంకెలు మాత్రం నేను కల్పించినవి. ఎంత చెడిన టేపైనా, ఒకరి కొలత ఇంకొకరికి చెప్పదు.