తెలుగులో అరిస్తే పళ్లాలు కడగాలి

నేను అక్షరాలు నేర్చుకుందే ముసలితనంలో. తప్పులుంటే, చెప్పడం నెమ్మదైతే మన్నించండి.

అశోక్‌నగర్‌లోని ఒక ఆడపిల్లల హాస్టల్లో కమలవ్వ వంటమనిషి. అక్కడే ఉండి ఉద్యోగ పరీక్షలకు చదివే నలుగురు పిల్లలు ఇంగ్లీషు అలవాటు కావాలని ఓ పందెం వేసుకున్నారు. ఆశ్చర్యపోయినా, అదిరిపడినా 'ఓ మై గాడ్' అనాలి, లేకుంటే 'వావ్' అనాలి. తెలుగులో అరిచినవాళ్లు ఆ పూట అందరి పళ్లాలూ కడగాలి.

ఆ నలుగురిలో రోజూ కడిగేది రోజానే. బల్లి కనిపిస్తే "అవ్వో!" అనేది, కరెంటు పోతే "ఓయమ్మ!" అనేది. పరీక్ష పదిరోజుల్లో ఉంది. చదువుకునే గంట కాస్తా సబ్బు నురగలో పోతోంది. ఒకరోజు కుళాయి దగ్గర నిలబడి ఏడ్చేసింది.

అది చూసిన కమలవ్వ మరునాడు చిక్కడపల్లి మార్కెట్లో ఘాటైన మిరపకాయలు ఏరి తెచ్చి పచ్చడి నూరింది. రోజాకు మాత్రం వడ్డించలేదు.

మిగతా ముగ్గురిలో సంజన మొదటి ముద్దకే ఎగిరి లేచింది. "అమ్మో! సచ్చిపోయిన! నీళ్లు, నీళ్లు!" మిగతా ఇద్దరూ "ఓ నాయనో!" అంటూ బిందె మీద పడ్డారు.

"ఏం బిడ్డా, మై గాడ్ యాడికి పాయె?" అంది కమలవ్వ.

"నోరు మండుతుంటే ఇంగ్లీషు యాదికొస్తదా అవ్వా!" అంది సంజన.

"మరి గా పిల్లకు బల్లిని చూస్తె యాదికొస్తదా?"

సంజన ముక్కు తుడుచుకుంటూ రోజా వైపు చూసింది. "పరీక్ష అయ్యేదాక పందెం బంద్. పళ్లాలు మేం కడుగుతం. నువ్వు చదువుకోపో."

రోజా పుస్తకం చంకన పెట్టుకుని మెట్లెక్కింది. కమలవ్వ ఆ ముగ్గురికీ పెరుగు గిన్నె జరిపింది.

బాలనర్సమ్మ, అరవై ఆరేళ్లు, ఇప్పుడు ఉండేది నారాయణగూడలో.