కండ్లు తెరిపించేవాడు

పాస్‌పోర్టు ఫోటోల షీటును కట్టర్ కింద సర్ది, అంచుకు బొటనవేలు ఆనించి, బడే సాబ్ పిడిని కిందికి నొక్కాడు. టక్కుమంది. ఒక్కో ముక్కా బల్ల మీద పడుతుంటే వేలితో పక్కకు జరుపుకుంటూ పోయాడు. ఆదోని మార్కెట్ యార్డు ఎదుటి స్టూడియోలో ఇప్పుడాయన పని ఇదే. ఓనరు ఫోటో తీసి కంప్యూటర్లో బాగుచేస్తాడు, ఈయన కత్తిరించి కవర్లో పెట్టి, "సూసుకోప్పా, నువ్వేనా?" అని అడిగి ఇస్తాడు. పత్తి తెచ్చిన రైతులు నవ్వి జేబులో వేసుకుంటారు. రోజుకొకసారైనా ఎవరో ఒకరు నవ్వకపోతే ఆయనకు తోచదు.

సన్నటి మనిషి. ఏళ్ల తరబడి బల్ల మీదికి వంగి పనిచేయడంతో మెడ ముందుకు సాగిపోయింది. నిటారుగా నిలబడమన్నా నిలబడలేడు. కుడిచేతి మధ్యవేలి పక్కన, కుంచె ఒరుసుకున్న చోట, గట్టి కాయ. కుంచె పట్టి ఎన్నాళ్లయిందో, ఆ కాయ మాత్రం కరగలేదు.

ఆ రోజుల్లో ఫోటో అంటే మాటలా? పల్లెల్లో చాలామందికి పెళ్లికి కూడా ఉండేది కాదు. మనిషి పోయాక, అయ్యో ఒక్క ఫోటో అయినా లేదే అని ఇంట్లోవాళ్లకు గుర్తొచ్చి స్టూడియోకు పరిగెత్తుకొచ్చేవాళ్లు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, వెనక దుప్పటి కట్టి, తల పక్కకు వాలకుండా దుప్పటి వెనకనుంచి ఒకరు పట్టుకుంటే ఓనరు ఫోటో తీసేవాడు. అది కడిగాక బడే సాబ్ బల్ల మీదికి చేరేది. మూసిన రెప్పల మీద సన్నకుంచెతో కళ్లు వేసి, మనిషి బతికుండి చూస్తున్నట్టు చేసి ఇవ్వాలి. 'కండ్లు తెరిపించే సాబు' అంటే కౌతాళం దాకా పేరు. ఫోటో చేతికి తీసుకుని, "అచ్చం మా నాయనే" అని బావురుమన్న వాళ్లను ఎంతమందిని చూశాడో!

పేరు సరే. ఆ పేరు కింద ఒక గుట్టుంది. ఆయనకు వచ్చిన కళ్లు ఒకే జత.

పని నేర్పిన ఉస్తాదు, ముందు ఒకరి కళ్లు బాగా చూసి చెయ్యి తిప్పుకోమన్నాడు. పరాయివాళ్ల కళ్లలోకి గుడ్లప్పగించి చూస్తే ఊరుకుంటారా? కొత్తగా పెళ్లయిన రోజులవి. ఇంట్లో బియ్యం ఏరుకుంటూ కూర్చున్న మహమూదా బీని ఓరగా చూసి, ఆ కళ్లు నేర్చుకున్నాడు. అవి చేతికొచ్చాయి. మరో జత రానే రాలేదు, ఎంత ఏడ్చినా రాలేదు. మగవాళ్లకైతే కనుబొమలు దట్టం చేసి, ముసలివాళ్లకైతే కింద ముడతలు గీసి, అందరికీ ఆవిడ కళ్లే పెట్టి పంపాడు. ఏ ఇంటి ఫోటో ఆ ఇంటి గోడకే వేలాడుతుంది. పక్కపక్కన పెట్టి చూసేదెవరు?

ఇన్నాళ్లకు పెట్టింది సునీత. సర్కారు బడిలో డ్రాయింగ్ టీచరు. ఆదోని, ఎమ్మిగనూరు చిత్రకారులను, ఫోటోగ్రాఫర్లను పోగేసి ఏటా ఒక ప్రదర్శన పెడుతుంది. ఈసారి ఇల్లిల్లూ తిరిగి, పాత స్టూడియో ఫోటోలను మళ్లీ ఇస్తానని చెప్పి తెచ్చుకుంది. వెనక ముద్ర చూసి బడే సాబ్‌ను వెతుక్కుంటూ వచ్చింది. "వద్దమ్మా, ఇంటి గోడ మీదివి ఇంట్లోనే ఉండాల" అన్నాడాయన. పాపం, ముసలాయన మొహమాటపడుతున్నాడనుకుంది ఆ పిల్ల.

ఈరోజే ఆ ప్రదర్శన మొదలు. జనం కనిపెడతారన్న భయం కొంత. అసలు భయం మహమూదా బీ గురించి. చావు మాట ఎత్తితేనే చెవులు మూసుకునే మనిషి ఆవిడ. చీకటిపడ్డాక శవం పోయిన వీధిలో నడవదు. బతికుండగానే నీ కళ్లు తీసి ఊళ్లో పీనుగలన్నిటికీ పెట్టానని ఎట్లా చెప్తాడు? ఇన్నేళ్లు చెప్పకుండా దాచినందుకు ఏ మొహం పెట్టుకుంటాడు? ఆవిడ అక్కడికి రాకుంటే చాలు, మిగతాదంతా ఎట్లాగో గట్టెక్కుతుందనుకున్నాడు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోతే, ఆవిడ అప్పటికే బురఖా తొడుక్కుని గడపలో కూర్చుని ఉంది.

"యాడికి?"

"యాడికేంది? టీచరమ్మ ఇంటికొచ్చి మరీ పిల్సిపోయింది. నీ పేరు గోడ మీద రాసినారంట, నేను సూడొద్దా?"

"ఆడేముందే? పాత బొమ్మలు."

"ఉండనీలే. ఇన్నేండ్లు ఏం జేసినావో ఒక్కతూరన్నా సూపిచ్చినావా నాకు?"

ఎండన్నాడు, మోకాళ్ల నొప్పన్నాడు. నిన్నంతా గుండెల్లో మంటని పడుకున్నావు గదా అన్నాడు. "అది గ్యాసు" అని ఆవిడ చెప్పుల్లో కాళ్లు పెట్టింది. మహమూదా బీ ఒకటి అనుకుంటే ఆపడం ఎవరి తరం?

ప్రదర్శన మూతపడ్డ పత్తి ప్రెస్సింగు మిల్లు గోదాములో. ఎంత ఊడ్చినా దూలాలకు దూది పీచు వేలాడుతూనే ఉంది. గుమ్మం దగ్గర ఎండిన పత్తికట్టెలను తీగలతో పైకప్పుకు కట్టి, కింద అద్దం పరిచారు. అది ఏమిటో బడే సాబ్‌కు అర్థం కాలేదు. ఆ పక్క గోడకు దేవరగట్టు కర్రల జాతర ఫోటోలు. గాలిలో లేచిన కర్రలు, నెత్తురు కారే తలలు. కాలేజీ పిల్లలు వాటి ముందు నిలబడి సెల్‌ఫోన్లతో తీసుకుంటున్నారు.

చనిపోయినవాళ్లు చివరి గోడ మీద ఉన్నారు.

ఒక్కొక్కటిగా చేసి పంపేసిన మొహాలు అన్నీ ఒక్కచోట, రెండు వరసల్లో, పాతవాటినుంచి కొత్తవాటిదాకా, ఈ చివరినుంచి ఆ చివరికి. మీసాల రైతులు, ముక్కుపుడకల అవ్వలు, పురుటిలో పోయిన పడుచులు. అందరూ ఆ ఒక్క జత కళ్లతోనే ఆయన వైపు చూస్తున్నారు. దాచడానికి ఏమీ లేదు, గుడ్డివాడికైనా తెలిసిపోతుంది. వెనక మహమూదా బీ ముసుగు పైకెత్తుకుని, మొదటి ఫోటో దగ్గర ఆగింది.

ఆవిడ దగ్గరికి పోబోతుంటే ఒక రైతు అడ్డమొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. కౌతాళం మద్దిలేటి. తండ్రి ఫోటో ఇచ్చినవాడు, అది గోడకెక్కితే చూసుకుందామని పనిగట్టుకుని బస్సెక్కి వచ్చాడు.

"సాబూ, బాగుండావా? అదిగో మా నాయన. నువ్వు సేసిందే." సంబరంగా చూపించి, పక్క ఫోటో వైపు తిరిగాడు. "ఈమె ఎవరో ఎమ్మిగనూరు మగ్గాలోళ్ల ముసలమ్మంట. మా నాయన సూసినట్టే సూస్తాందే?"

"ఒగే లైటులో తీసినవప్పా. అట్లే అగపడతాయి."

మద్దిలేటి ఇంకో ఫోటో చూశాడు. దాని పక్కది చూశాడు. మళ్లీ తండ్రి దగ్గరికి వచ్చాడు. మొహంలో సంబరం కాస్తా ఎగిరిపోయింది.

"లైటు కాదు సాబూ. పొద్దున లేస్తానే ఈ కండ్లకు దండం పెట్టుకుని సేనుకు పోతా నేను. ఎవరివి ఇవి?"

మద్దిలేటి మేకు మీదినుంచి ఫోటో తీసి చంకలో పెట్టుకున్నాడు. "నాయన ఇట్లా సూసేటోడు, అట్లా సూసేటోడు అని పిల్లోల్లకు సెప్తాంటినే..." అంటూ గుమ్మం వైపు నడిచాడు. "అన్నా, ఒక్క నిమిషం ఆగన్నా" అని సునీత వెంటపడింది. గోడ మీద ఆ ఖాళీ చోట మేకు మిగిలింది.

మహమూదా బీకి ఇవేవీ పట్టలేదు. మొదటి ఫోటో నుంచి చివరిదాకా తాపీగా నడిచి, ఆగి, వెనక్కి వచ్చింది. ఎన్నడూ ఎవరి మొహం వైపూ అంతసేపు చూసి ఉండదు. బడే సాబ్ దోషిలాగా పక్కన నిలబడ్డాడు.

"ఇయ్యి నావే గదా?"

తలూపాడు. "తప్పయిపోయింది. సచ్చినోళ్లకు పెట్టినా. నీతో సెప్పల్యా."

"దానికేమిలే. పాపం, పోయినోళ్లు. ఇచ్చినంత మాత్రాన నాదేం తగ్గిపాయె?"

ఇన్నేళ్లు మోసిన బరువు ఇంత తేలిగ్గా దిగిపోతుందని ఆయన కల్లో కూడా అనుకోలేదు. అమ్మయ్య అనుకోబోయాడు. ఆవిడ మళ్లీ చివరి ఫోటో దాకా పోయి దాని మీద వేలు పెట్టింది. ఆయన కుంచె పక్కన పెట్టేముందు చేసినవాటిలో ఒకటది.

"ఇయ్యి నేను పెండ్లయి వచ్చినప్పటి కండ్లు. ఈ సివరి దానికీ అయ్యే పెట్టినావు. ఆ తర్వాత నన్ను నువ్వు సూడనే లేదేమయ్యా?"

కోపంగా అనలేదు. వంకాయలు ఎంతకు తెచ్చావని అడిగినట్టు అడిగింది. సమాధానం కోసం ఆగింది కూడా. ముసుగు దించుకుని, "పోదాం పా" అంది.

ఆటోలో పక్కనే కూర్చున్నా ఆయనకు కనిపించింది ఆవిడ చెయ్యి ఒక్కటే. ఇప్పుడా కళ్లు ఎట్లా ఉన్నాయో గుర్తు తెచ్చుకుందామని చూశాడు. ఎంత తడుముకున్నా ఆ గోడ మీదివే వచ్చాయి. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం పెట్టిన మనిషి! ఎక్కడ చూస్తూ తిన్నాడో ఇన్నాళ్లూ! సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇంటికి పోగానే వెలుతురులో కూర్చోబెట్టి తనివితీరా చూడాలి, నవ్వితే నవ్వనీ అనుకున్నాడు. దారిలో ఆవిడ ఆటో ఆపించి చుక్కకూర కొన్నది. బేరమాడి ఇంకో కట్ట వేయించుకుంది.

ఇంటికి వచ్చి బురఖా విప్పి, గోడకు ఆనుకుని వాకిట్లో చాట ముందేసుకుంది. ఎట్లా మొదలుపెట్టాలో ఆయనకు తెలియలేదు. "టీ పెడతా" అన్నాడు. ఎప్పుడూ లేనిది ఆ మాట విని ఆవిడ తలెత్తే ఉంటుంది. అప్పటికే ఆయన సిగ్గుపడి పొయ్యి దగ్గరికి తిరిగాడు. చక్కెర డబ్బా ఎక్కడుందో వెతుక్కున్నాడు. పాలు పొంగిస్తే తిడుతుందని దగ్గరే నిలబడ్డాడు.

గ్లాసు తీసుకుని వచ్చేసరికి మహమూదా బీ తల గోడకు, కొంచెం పక్కకు వాలి ఉంది. పిలిచాడు. మళ్లీ పిలిచాడు. అట్లా వాలిన తలలు ఎన్ని చూశాడో ఆయన. ముట్టుకోనక్కరలేకుండానే తెలిసింది. గ్లాసు కింద పెట్టి ఎదురుగా చతికిలబడ్డాడు. రెప్పలు రెండూ గట్టిగా మూసుకుని ఉన్నాయి.

ఒక్కసారి ఎత్తి చూద్దామా అని చెయ్యి ముందుకు పోయింది. బొటనవేలు రెప్ప దాకా పోయింది. అడగకుండా తీసుకున్నది చాలనిపించి, వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు ఏడుపొచ్చింది. ఆ ఏడుపుకు పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చారు.

పొద్దు గుంకేలోపు బంధువులొచ్చారు. ఆడవాళ్లు ఆవిడను లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకున్నారు. ఎవరో వాకిలి ఊడ్చి బల్లలు వేశారు గానీ, గోడ పక్కన చాటను కదిలించే ధైర్యం ఎవరికీ చాలలేదు. అందులో ఒక పక్క గిల్లిన ఆకు, ఒక పక్క కాడలు, నడుమ దారం విప్పి ఇంకా ముట్టుకోని చుక్కకూర కట్ట ఉన్నాయి.