గాలికి అడ్డొచ్చిన బొజ్జ

గనుల్లో గాలి ఎలా పారుతుందో పరిశోధించడం ఆయన ఉద్యోగం. ఇంట్లో ఫ్యాను ఎంత మీద పెట్టాలో మాత్రం భార్యే చెప్పాలి. భోజనం దగ్గర మొహమాటం ఎరగని మనిషి కావడంతో, ఏ గదిలోకైనా ఆయనకన్నా ముందు ఆయన బొజ్జ వచ్చేది. భార్య తమ్ముడు గనిలో సూపర్‌వైజరు. రోజుకొకసారి బావను ఆటపట్టించకపోతే అతనికి ముద్ద దిగదు.

గ్యాస్ చేరుతోందని మూసేసిన ఏడో సొరంగాన్ని మళ్లీ తెరవచ్చా లేదా అన్నది బావగారే తేల్చాలి. గాలి జోరుగా పారితే గ్యాస్ చెదిరిపోతుంది. మందగిస్తే పైకప్పు కింద పోగుపడి, ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. ఆయన కొలిచి, గాలి భేషుగ్గా ఉందన్నాడు. సోమవారం అది తెరవగానే అందరికన్నా ముందు లోపలికి వెళ్లాల్సింది బావమరిది.

శనివారం ఆఖరి తనిఖీకి ఇద్దరూ దిగారు. గాలి మీటరును పొడుగాటి కర్రకు బిగించి, మనిషి పక్కకు తప్పుకుని కొలవాలి. ఆ పాఠం అందరికీ చెప్పేది ఆయనే. అయినా కర్ర మోయడం కొత్తవాళ్ల పని అనుకుని, తాను మాత్రం మీటరును చేత్తో పట్టుకునే కొలిచేవాడు.

ఆరోజు ఆయన బూటు లేసు ఊడింది. మీటరును మేకుకు తగిలించి, పక్క దారిలో ఒక రాయి చూసుకుని కూర్చున్నాడు. తలెత్తి చూస్తే మీటరు ముల్లు, దిగితే ప్రమాదమని చెప్పే ఎర్ర గీత కిందికి పడిపోయి ఉంది. కంగారుగా లేచి దగ్గరికొచ్చాడు. ముల్లు లేచింది. వెనక్కి వెళ్లాడు. పడింది.

"ఏంటి బావా, మీటరుతో దాగుడుమూతలా?" అన్నాడు బావమరిది.

ఆయనకు సంగతి అర్థమైంది. ఆ ఇరుకు దారిని సగం తన ఒళ్లే మూసేస్తోంది. మిగిలిన సందులోంచి గాలి మామూలుకన్నా జోరుగా తోసుకుని పోతోంది. ఇన్నాళ్లూ తాను కొలిచిందంతా బొజ్జ పక్కనుంచి దూరే గాలే!

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే గనిలో తలెత్తుకోలేడు. పైకొచ్చే లిఫ్టులో బావమరిది హుషారుగా ఈల వేస్తుంటే, సోమవారం ముందు వెళ్లేది అతనేనని ఆయనకు గుర్తొచ్చింది.

మేనేజరు గదిలో అందరి ముందూ చెప్పేశాడు. "ఏడోది తెరవకండి. నా లెక్క తప్పు. కర్ర వాడలేదు. గాలికి నా ఒళ్లే అడ్డొచ్చింది."

గది గొల్లుమంది. మేనేజరు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. అందరికన్నా గట్టిగా నవ్వింది బావమరిదే.

"రోజూ వచ్చి అక్కడ నిలబడు బావా, కొత్త ఫ్యాను ఖర్చు తప్పుతుంది!"

ఆయన సిగ్గుతో చితికిపోయాడు. అయితేనేం, రెండో ఫ్యాను పెట్టేదాకా సొరంగం తెరవకూడదని తేలిపోయింది.

గేటు దగ్గర బావమరిది స్కూటరు తీయబోయి ఆగాడు. వెనక్కొచ్చి బావ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"బొజ్జ సంగతి అక్కకి నేనే చెబుతాలే బావా," అన్నాడు. "సోమవారం లోపలికెళ్లాల్సింది ఎవరో మాత్రం నువ్వు చెప్పకు."